నాలుగా? అయిదా?

2024 అక్టోబర్‌లో ఒక రాత్రి పదకొండింటికి మా బామ్మర్ది ఫోన్ చేశాడు. ఆ వేళప్పుడు ఫోన్ మోగితే ఎవరికైనా గుండె జల్లుమంటుంది. ఎత్తగానే వాడు అడిగింది ఒక్కటే: "బావా, ఆ కుర్రాడు నాలుగా, అయిదా?"

బాస్కెట్‌బాల్‌లో ఒకటంటే పాయింట్ గార్డ్, బంతి పైకి తెచ్చి ఆట నడిపేవాడు. రెండు షూటింగ్ గార్డ్, మూడు స్మాల్ ఫార్వర్డ్, నాలుగు పవర్ ఫార్వర్డ్. అయిదు సెంటర్, రిమ్ (బంతి వేసే ఇనప రింగు) దగ్గర కాపు కాసేవాడు. వాడు అడిగిన కుర్రాడికి పదిహేడేళ్ళు. ఇంకా ఏ కాలేజీకీ సంతకం చెయ్యలేదు. మా ఎన్‌సీ స్టేట్ (రాలీలోని నార్త్ కరొలైనా స్టేట్ యూనివర్సిటీ) వాళ్ళు వాణ్ణి తమ టీమ్‌లోకి గట్టిగా అడుగుతున్నారని ఎవరో చెప్పగా విన్నాం, అంతే. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. అయినా గంటా పది నిమిషాలు మాట్లాడుకున్నాం. నాలుగు అని నేను, అయిదు కానే కాదు, నాలుగు కూడా అనుమానమేనని వాడు.

నేను ఎన్‌సీ స్టేట్‌లో ఎమ్మెస్ చేశాను. వాడు చాపెల్ హిల్‌లో, అంటే యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరొలైనాలో చదివాడు, దాన్ని అందరూ కరొలైనా అనే అంటారు. రాలీ నుంచి చాపెల్ హిల్ ముప్ఫై మైళ్ళ లోపే, ఆ పక్కనే డర్హమ్‌లో డ్యూక్. ఈ మూడు క్యాంపస్‌ల మధ్య ఇల్లు కొనుక్కున్నవాడు ఏదో ఒక రంగు చొక్కా వేసుకోక తప్పదు. నాది ఎరుపు. మా ఆవిడ తమ్ముడిది లేత నీలం.

నాకు ఈ పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి. 2007 ఆగస్టులో రాలీలో దిగాను. అప్పటికి నాకు బాస్కెట్‌బాల్ అంటే స్కూల్ గ్రౌండ్‌లో వల లేని ఇనప రింగు, అంతే. 2008 మార్చి 21న ఎన్‌సీఏఏ టోర్నమెంట్ (కాలేజీల జాతీయ టైటిల్ పోటీ) మొదటి రౌండ్ ఆటలు రాలీలోనే, అప్పట్లో ఆర్బీసీ సెంటర్ అనే అరీనాలో జరిగాయి. రూమ్మేట్‌కి టికెట్లు దొరికితే తోడు వెళ్ళాను. డేవిడ్‌సన్ అనే చిన్న కాలేజీ, ఎదురుగా గొంజాగా. డేవిడ్‌సన్‌లో ఒక బక్కపల్చటి కుర్రాడు. జెర్సీ వాడి భుజాల మీంచి జారిపోతుందేమో అనిపించింది. ఆ రోజు వాడు 40 పాయింట్లు కొట్టాడు. 82-76తో డేవిడ్‌సన్ గెలిచింది. ఎల్లుండి మళ్ళీ అదే అరీనాలో జార్జ్‌టౌన్ మీద 30. ఆ కుర్రాడు స్టెఫ్ కర్రీ.

చార్లట్‌లో పెరిగిన పిల్లవాడు. తండ్రి డెల్ కర్రీ అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో పేరున్న షూటర్. అయినా పెద్ద కాలేజీలేవీ వాడి ఇంటి తలుపు తట్టలేదు. తండ్రి ఆడిన వర్జీనియా టెక్ కూడా స్కాలర్‌షిప్ ఇవ్వలేదు, కావాలంటే వాక్-ఆన్‌గా, అంటే స్కాలర్‌షిప్ లేకుండా ఆడేవాడిగా రమ్మంది. చిన్నగా ఉన్నాడు, బక్కగా ఉన్నాడు, పాయింట్ గార్డ్ అనుకుంటే బంతి నడపడు, షూటింగ్ గార్డ్ అనుకుంటే ఎత్తు చాలదు. ఇదీ అప్పటి లెక్క. మనవాళ్ళు రెంటికీ చెడ్డ రేవడి అంటారే, కాలేజీలు ఆటగాళ్ళని ఎంచుకునే రిక్రూటింగ్ భాషలో దానికి ట్వీనర్ అని పేరు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే అది కుర్రాడి గురించి ఏమీ చెప్పదు. మన దగ్గర ఉన్న అయిదు డబ్బాల్లో వాడు పట్టడం లేదని మాత్రమే చెబుతుంది.

నేను చూసిన ఆ సీజన్‌లో డేవిడ్‌సన్‌కి పాయింట్ గార్డ్ జేసన్ రిచర్డ్స్. ఆ ఏడాది దేశం మొత్తం మీద ఎక్కువ అసిస్ట్‌లు (బాస్కెట్ పడేలా అందించిన పాస్‌లు) అతనివే. కర్రీ స్క్రీన్ల (డిఫెండర్‌కి అడ్డంగా నిలబడ్డ తోటి ఆటగాళ్ళ) చుట్టూ పరిగెత్తి బంతి అందుకునే రెండు. రిచర్డ్స్ చదువైపోయి వెళ్ళిపోగానే కోచ్ బాబ్ మెక్‌కిలప్ కర్రీ చేతికి బంతి ఇచ్చి ఒకటి చేశాడు. ఆ 2008-09 సీజన్‌లో ఆటకి 28.6 పాయింట్లతో దేశంలో అందరికంటే పైన నిలిచాడు. ఆ పైన ఎన్‌బీఏ టీమ్‌లు వరసగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్ దగ్గర మళ్ళీ అదే పాట: వీడు ఒకటా, రెండా? మినసోటా అయిదో పిక్‌లో ఒక పాయింట్ గార్డ్‌నీ, ఆరో పిక్‌లో ఇంకో పాయింట్ గార్డ్‌నీ తీసుకుంది. కర్రీ ఏడో పిక్‌లో గోల్డెన్ స్టేట్‌కి వెళ్ళాడు. ఆ తర్వాత ఆటలోనే గొప్ప షూటర్ అనిపించుకున్న కథ నేను చెప్పక్కర్లేదు.

ఇది చెప్పి నేను ప్రతిసారీ మా బామ్మర్దిని నోరు మూయించాలని చూస్తాను. వాడు మూయడు. "బావా, ఒక్క కర్రీ ఉన్నాడని బక్క పిల్లలందరూ కర్రీలైపోతారా?" అంటాడు. నిజమే. 2006లో విల్లనోవా నలుగురు గార్డ్‌లతో ఆడిన సంగతి తీస్తాడు. రాండీ ఫోయ్, అలెన్ రే, కైల్ లౌరీ, మైక్ నార్డీ. కన్నుల పండగలా ఆడారు. ఎన్‌సీఏఏలో ఎనిమిది టీమ్‌లు మిగిలే ఎలీట్ ఎయిట్‌లో ఫ్లోరిడా ఎదురైంది. అటు జోకిమ్ నోవా, అల్ హార్ఫర్డ్. 75-62. ఎత్తు అనేది నీకు ఇష్టమున్నా లేకపోయినా ఉంటుందని వాడి వాదన. ఆ ఫ్లోరిడా ఆ ఏడూ, మరుసటి ఏడూ కూడా టైటిల్ కొట్టింది కాబట్టి నేను గట్టిగా ఏమీ అనలేను.

వాదన ఎంత పాతదో తెలియాలంటే మా స్టేట్ వాళ్ళ 1974 టీమ్‌నే చూడాలి. పాయింట్ గార్డ్ మాంటీ టో, 5 అడుగుల 7 అంగుళాలు. సెంటర్ టామ్ బర్లసన్, ప్రోగ్రామ్‌లో 7 అడుగుల 4 అంగుళాలని వేసేవారు, అసలు ఎత్తు రెండంగుళాలు తక్కువే. కాలేజీలు ఎత్తు పెంచి రాయడం అప్పటి నుంచీ ఉంది. వాళ్ళ మధ్యలో డేవిడ్ థాంప్సన్, 6 అడుగుల 4 అంగుళాలు, ఆడింది ఫార్వర్డ్. ఇవాళ అదే ఎత్తు కుర్రాడు ఫార్వర్డ్ అంటే రిక్రూటింగ్ పేజీలో స్టార్ ఒకటి కోసేస్తారు. థాంప్సన్ గాల్లోకి లేస్తే ఏడడుగుల వాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు. అప్పట్లో కాలేజీ ఆటలో డంక్, అంటే బంతిని పైనుంచి రింగులోకి కుక్కడం నిషేధం, కాబట్టి అంత పైకి లేచి కూడా బంతిని మెల్లగా జారవిడవాల్సి వచ్చేది. ఆ టీమ్ ఎన్‌సీఏఏ సెమీఫైనల్లో యూసీఎల్‌ఏని రెండు ఓవర్‌టైమ్‌లు ఆడి 80-77తో ఓడించి, ఆపైన మార్కెట్ యూనివర్సిటీని (Marquette) కొట్టి టైటిల్ తెచ్చింది.

కానీ నా బుర్రలో పొజిషన్ అన్న మాటకి అర్థం మార్చింది థాంప్సన్ కాదు, కర్రీ కూడా కాదు. డీజే బర్న్స్.

2022లో బర్న్స్ ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోకి, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళ జాబితాలోకి వచ్చాడు. టెనసీలో మొదలుపెట్టి, విన్‌త్రాప్‌లో మూడేళ్ళు ఆడి, బిగ్ సౌత్ కాన్ఫరెన్స్‌లో ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ అయ్యాడు. 6 అడుగుల 9 అంగుళాలు, 275 పౌండ్లు. స్టేట్ తీసుకుంటోందని వినగానే నేను తల పట్టుకున్నాను. ఎగరలేడు. పిక్ అండ్ రోల్ (స్క్రీన్ పెట్టినవాడు వెంటనే రిమ్ వైపు కదిలే ఎత్తు) వస్తే బయటికొచ్చి గార్డ్‌ని ఆపలేడు. స్టేట్, కరొలైనా, డ్యూక్ ఆడే ఏసీసీ కాన్ఫరెన్స్‌లో ఇలాంటి అయిదు చెల్లడని ఫోన్‌లో మా బామ్మర్దికి అరగంట లెక్చరిచ్చాను. వాడు విన్‌త్రాప్ ఆటలు చూసి ఉన్నాడు. అంతా విని, "బావా, నువ్వు వాడి కాళ్ళు చూస్తున్నావు. వాడి కళ్ళు చూడు. మీకు అయిదు రావట్లేదు, ఒకటి వస్తోంది," అన్నాడు. కరొలైనా వాడు మా టీమ్ గురించి మంచిమాట చెప్తే నమ్మబుద్ధి కాదు. నమ్మలేదు.

2023-24 రెగ్యులర్ సీజన్ మాకు 17-14తో ముగిసింది. చివరి నాలుగు ఆటలూ ఓటమే. ఏసీసీ టోర్నమెంట్‌కి వాషింగ్టన్ వెళ్ళి అయిదు రోజుల్లో అయిదు ఆటలు గెలిస్తే తప్ప ఎన్‌సీఏఏకి దారి లేదు. లూయివిల్, సిరక్యూస్, డ్యూక్. నాలుగో రోజు వర్జీనియా మీద మైఖేల్ ఓకానల్ ఆఖరి క్షణంలో దూరం నుంచి వేసిన త్రీ (మూడు పాయింట్ల షాట్) బోర్డుకి తగిలి లోపల పడి ఓవర్‌టైమ్ తెచ్చిపెట్టింది. అయిదో రోజు, మార్చి 16 శనివారం రాత్రి, ఫైనల్. ఎదురుగా ఇంకెవరు, కరొలైనా. మా బామ్మర్ది నీలం చొక్కాతో మా ఇంట్లోనే, నా సోఫా మీదే.

ఆ ఆటలో ఒక్క దృశ్యం చెప్తాను, అది పదే పదే జరిగింది. బర్న్స్ ఎడమ పక్క రిమ్‌కి వీపు పెట్టి బంతి అందుకుంటాడు. ఎడమచేతి వాటం. ఒక డ్రిబుల్, వెనక్కి ఒక తోపు. మళ్ళీ డ్రిబుల్, మళ్ళీ తోపు. వెనకున్న డిఫెండర్ పాదాలు నేల మీద జరుగుతున్నాయి, అంగుళం అంగుళం. తొందర లేదు, సంత నుంచి ఇంటికి నడిచొస్తున్న మనిషిలా ఉంటాడు. ఇంతలో రెండో డిఫెండర్ తన మనిషిని వదిలి సాయానికి ఒక్క అడుగు వేస్తాడు. ఆ అడుగు నేల తాకక ముందే బంతి బర్న్స్ చేతిలో ఉండదు. మూలలో నిలబడ్డ షూటర్ చేతిలోనో, వెనక నుంచి కోసుకొచ్చేవాడి చేతిలోనో ఉంటుంది. డబుల్ టీమ్ రాకపోతే వాడే ఒక మలుపు తిరిగి, ఆ 275 పౌండ్ల ఒంటితో నాట్యంలా కాలు మార్చి, ఎడమచేత్తో మెత్తగా వదిలేస్తాడు. రెండు దారుల్లో ఏది మూసినా రెండోది తెరిచి ఉంటుంది.

84-76. డీజే హోర్న్‌కి 29 పాయింట్లు. బర్న్స్‌కి 20 పాయింట్లు, 7 అసిస్ట్‌లు, టోర్నమెంట్ ఎమ్‌వీపీ. 1987 తర్వాత మాకు మొదటి ఏసీసీ టైటిల్. నేను నిలబడి ఏడ్చాను, సిగ్గేం లేదు, పదహారేళ్ళు ఎదురుచూశాను. మా బామ్మర్ది చాలాసేపు టీవీ వంకే చూసి, "చెప్పానా, ఒకటి," అన్నాడు. ఓడిన బాధలో కూడా వాడి గొంతులో ఒక తృప్తి ఉంది. అందుకే వాణ్ణి నేను అంతగా ఇష్టపడతాను.

తర్వాత రెండు వారాలు స్టేట్ ఊరంతా ఎరుపు చేసింది. ఎన్‌సీఏఏలో మార్కెట్ యూనివర్సిటీ మీద బర్న్స్ కొట్టింది 4 పాయింట్లే, ఇచ్చినవి 7 అసిస్ట్‌లు. రెండు రోజుల తర్వాత డ్యూక్ మీద 29 పాయింట్లు. ఈ రెండు ఆటలూ ఒకే మనిషివి, ఒకే పొజిషన్‌వి అని ఏ కాగితం మీద రాస్తే నమ్ముతారు? 1983 తర్వాత మొదటిసారి ఫైనల్ ఫోర్, అంటే ఎన్‌సీఏఏ చివరి నలుగురిలో చోటు. అక్కడ పర్డ్యూలో జాక్ ఈడీ, 7 అడుగుల 4 అంగుళాలు, ఏ అనుమానమూ లేని అయిదు. 63-50తో మా ప్రయాణం ఆగింది. ఆ ఈడీని కూడా హైస్కూల్లో తన బ్యాచ్‌లో 400 తర్వాతే ఎక్కడో పెట్టారు. రెండుసార్లు నేషనల్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ అయ్యాడు.

బర్న్స్ డిఫెన్స్ గురించి నేను అన్నది మాత్రం తప్పు కాదు. పిక్ అండ్ రోల్ ఆపాల్సి వచ్చినప్పుడు కోచ్ కెవిన్ కీట్స్ అతన్ని కూర్చోబెట్టి బెన్ మిడిల్‌బ్రూక్స్‌ని దింపేవాడు. అంటే బర్న్స్ బంతి మన దగ్గరుంటే ఒకటి, అవతలివాళ్ళ దగ్గరుంటే అయిదుకి తక్కువ. ఒక మనిషికి రెండు నంబర్లు. అప్పటి నుంచీ నేను ఏ కుర్రాణ్ణి చూసినా రెండు సంగతులు విడివిడిగా చూసుకుంటాను: బంతి చేతికొస్తే వీడికి ఏం కనబడుతుంది, బంతి పోతే వీడు ఎవర్ని ఆపగలడు. పేజీ మీద పేరు పక్కన రాసే అక్షరాలు ఈ రెంటికీ జవాబివ్వవు.

మళ్ళీ ఆ 2024 అక్టోబర్ కుర్రాడి దగ్గరికి వస్తాను. డిసెంబర్ చివర్లో రాలీలో జాన్ వాల్ హాలిడే ఇన్విటేషనల్ అని హైస్కూల్ టోర్నమెంట్ జరుగుతుంది. మా బామ్మర్దీ నేనూ ప్రతి ఏడూ వెళ్తాం. జిమ్‌లో చెమట, పాప్‌కార్న్, పాలిష్ చేసిన చెక్క నేల కలిసిన ఒక వాసన ఉంటుంది, నాకు చాలా ఇష్టం. ఆ రోజు ఆ కుర్రాడు ఆడుతున్నాడు. మేం బ్లీచర్స్ మీద నాలుగో వరసలో కూర్చుని మామూలుగానే మొదలుపెట్టాం. తెలుగులోనే మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఎవరికీ అర్థం కాదని ధైర్యం. కానీ మన తెలుగులో సగం మాటలు ట్వీనర్, స్లో ఫీట్, పవర్ ఫార్వర్డ్, నంబర్ ట్వెల్వ్. మా ముందు వరసలో కూర్చున్న ఆవిడ ఒక్కసారి వెనక్కి తిరిగింది. "మా వాడి గురించేనా?" అంది.

నా ఒళ్ళు చల్లబడిపోయింది. క్షమించమన్నాం. ఆవిడ కోప్పడలేదు. కిందటేడు వరకూ వాడు గార్డేనని చెప్పింది. ఏడాదిలో అయిదంగుళాలు పెరిగాడట. షూస్ మూడు సైజులు మార్చారు. రాత్రిళ్ళు మోకాళ్ళు నొప్పులని లేచి కూర్చుంటాడు, ఐస్ పెట్టి పడుకోబెడుతుంది. "కాళ్ళు నెమ్మది కాదు, ఇంకా తనవి కాలేదు," అంది. ఆ మాట అని మళ్ళీ ఆట వైపు తిరిగిపోయింది.

ఆంథనీ డేవిస్ కథ నాకు తెలుసు. షికాగోలో హైస్కూల్ గార్డ్, రెండేళ్ళు తిరక్కుండా దాదాపు 8 అంగుళాలు పెరిగి సెంటర్ అయ్యాడు. 2012లో కెంటకీకి టైటిల్ తెచ్చిన ఫైనల్లో కొట్టింది 6 పాయింట్లే, 16 రీబౌండ్లు, 6 బ్లాక్‌లు, అయినా మోస్ట్ అవుట్‌స్టాండింగ్ ప్లేయర్ అతనే. ఈ కథ నేను ఎన్నిసార్లు చెప్పానో. ఆ ఎదిగే కాళ్ళు రాత్రి ఎంత నొప్పెడతాయో, పక్కన కూర్చుని ఐస్ పెట్టేదెవరో ఒక్కసారీ ఆలోచించలేదు. మిగతా ఆటంతా మేం గుసగుసగా కూడా మాట్లాడలేదు. చూశాం. వాడు రెండో సగంలో ముగ్గురు వేర్వేరు సైజుల వాళ్ళని కాశాడు. స్క్రీన్ వస్తోందని వెనక నుంచి అరిచి చెప్పేది వాడే. ఒకసారి పొరపాటున తనకంటే చాలా చిన్న గార్డ్ ఎదురైతే కాళ్ళు తడబడి పడిపోయాడు. లేచి, జెర్సీతో మొహం తుడుచుకుని వెనక్కి పరిగెత్తాడు.

పక్కనే గోడకి ఆనుకుని కాలేజీ లోగోల పోలో చొక్కాలు వేసుకున్న అసిస్టెంట్ కోచ్‌లు. వాళ్ళ ఇబ్బంది కూడా నాకు తెలుసు. స్కాలర్‌షిప్‌లు ఏళ్ళ తరబడి 13 ఉండేవి, 2025-26 నుంచి ఆ లెక్క పోయి రోస్టర్‌లో 15 మంది వరకు అన్నారు. పోర్టల్ వచ్చాక పదిహేడేళ్ళ కుర్రాడు పోటీ పడేది తోటి పదిహేడేళ్ళ వాళ్ళతో కాదు, మూడు కాలేజీలు తిరిగిన ఇరవై మూడేళ్ళ మనిషితో. 2025 జూన్‌లో కోర్టు ఒప్పుకున్న సెటిల్‌మెంట్ ప్రకారం ఒక కాలేజీ తన క్రీడాకారులందరికీ కలిపి 2025-26లో 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా నేరుగా పంచవచ్చన్నారు. కుర్రాళ్ళు కాలేజీకి కట్టుబడుతూ సంతకం చేసే కాగితం, 1964 నుంచి ఉన్న నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్‌ని మా బామ్మర్ది ఫోన్ చేసిన ఆ అక్టోబర్‌లోనే తీసేశారు. ఇంత డబ్బూ, ఇంత తొందరా ఉన్నప్పుడు, కాళ్ళు ఇంకా తనవి కాని కుర్రాడి కోసం రెండేళ్ళు ఆగే ఓపిక ఎవరికుంటుంది? తయారైన అయిదుని పోర్టల్‌లోంచి తెచ్చుకోవడమే తేలిక.

స్టేట్ ఆగలేదు. కరొలైనా అసలు అడగలేదు. వసంతంలో వాడు ఒక చిన్న కాలేజీకి ఒప్పుకున్నాడు. ఎక్కడో చెప్పను. వాడి పేరూ చెప్పను, మా నోళ్ళలో నానింది చాలు.

2025 నవంబర్‌లో వాడి మొదటి కాలేజీ ఆట. నేను ఇంట్లో, మా బామ్మర్ది వాళ్ళింట్లో, ఇద్దరం లాప్‌టాప్‌ల మీద చూస్తున్నాం. రోస్టర్‌లో పేరు పక్కన ఫార్వర్డ్ అని ఉంది. మొదటి నిమిషంలోనే వాణ్ణి గడ్డమున్న ఒక పెద్ద సెంటర్ మీదకి తోశారు. ఎనిమిది నిమిషాల్లో రెండు ఫౌల్స్. మధ్యలో ఒక్కసారి రీబౌండ్ తీసుకుని ఎవరికీ ఇవ్వకుండా తనే నాలుగు డ్రిబుల్స్‌లో పైకి తెచ్చి, పరిగెత్తుతూనే కుడి మూలకి ఒంటిచేత్తో పాస్ విసిరాడు. షూటర్ మిస్సయ్యాడు. లెక్కల్లోకి రాని పాస్. కోచ్ వాణ్ణి పిలిచి కూర్చోబెట్టాడు, మెడ చుట్టూ తువ్వాలు వేసుకుని బెంచి చివర్న కూర్చున్నాడు.

ఫోన్ మోగింది. "బావా, ఆ పాస్ చూశావా?"

చూశానన్నాను. నంబర్ ఇద్దరం అనలేదు. కెమెరా ప్రేక్షకుల మీదకి తిరిగినప్పుడల్లా నేను ఆవిడ ఎక్కడుందో వెతుకుతూ కూర్చున్నాను.